34 వెబ్‌సైట్లు, ఒక్క సీఎంఎస్: వర్డ్‌ప్రెస్సా, డ్రూపలా, ఇంకేదన్ననా?

బత్తాయి_తోట
మా ట్రస్టు కింద కాలేజీలు, నర్సింగ్ స్కూలు, ఒక దవాఖాన, బడులు కలిపి 34 వెబ్‌సైట్లున్నయి. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట ఒక దిక్కు, పాలమూరు, వనపర్తి, గద్వాల ఇంకో దిక్కు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేపిచ్చుకున్నరు. 19 వర్డ్‌ప్రెస్, 6 జూమ్లా, 2 డ్రూపల్ 7, మిగిలిన 7 చేత్తో రాసిన పీహెచ్‌పీ. ఇప్పుడు అన్నీ ఒక్క సీఎంఎస్ (కోడ్ రాయకుండనే పేజీలు పెట్టి మార్చుకునే సాఫ్ట్‌వేర్) మీదికి తేవాలంటున్నరు. పోస్టు చేసేటోళ్లు 60 మంది, ఎక్కువమంది ఆఫీసు క్లర్కులు. తెలుగు, ఇంగ్లీషు రెండూ కావాలె, పాలమూరు దిక్కు మూడు సైట్లకు ఉర్దూ గూడ. ఐటీల మేం ఇద్దరమే. వచ్చిపోయిన వెండర్లల్ల ఒకాయన "మా సొంత సీఎంఎస్ ఉంది" అన్నడు, ఇంకొకాయన "ఇప్పుడంతా హెడ్‌లెస్సే" అన్నడు. ఏది పట్టుకోవాలె?

జూరాల_గేటు
"సొంత సీఎంఎస్" ఆయనను ఒక్కటే అడుగు. డేటాబేస్ డంప్, సోర్స్ కోడ్, అప్‌లోడ్స్ ఫోల్డర్, మూడూ నెలనెలా మీ సర్వర్ల పెడ్తడా? నసిగితే చాయ్ తాపి పంపియ్.

మూసీ_కాల్వ
కలెక్టరేట్ సైటుకు వాడేది తీసుకోరాదు? అన్ని జిల్లాల సైట్లు ఒక్క తీరుగనే కనబడ్తయి, ఏ గోస లేదు.

దేవరకొండ_దుర్గం
మూసీ_కాల్వ, అది ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వాళ్ల ఎస్3వాస్, సర్కారు సైట్లు కట్టే ఏర్పాటు. ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, ప్రైవేటు ట్రస్టుకు రాదు. కానీ దాన్నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు: అక్కడ జిల్లా ఆఫీసు వాళ్లు థీమ్ ముట్టుకోరు, మెనూ, బ్లాకులు, సమాచారం మాత్రమే మారుస్తారు. 60 మంది క్లర్కులున్న చోట అదే పద్ధతి కావాలి, ఏ సీఎంఎస్ అయినా సరే.

పిల్లలమర్రి_నీడ
19 సైట్లు ఇప్పటికే వర్డ్‌ప్రెస్ మీద ఉన్నయంటే క్లర్కుల చెయ్యి దానికి అలవాటు పడ్డది. మల్టీసైట్ పెట్టు, ఒక్క వర్డ్‌ప్రెస్ కిందనే అన్ని సైట్లు. 2010ల వచ్చిన 3.0 నుంచి అది కోర్లనే (అసలు సాఫ్ట్‌వేర్లనే) ఉంది, వేరే ప్లగిన్ (పైనుంచి తగిలిచ్చే ముక్క) అక్కర్లేదు. కోడ్ ఒక్కటే, యూజర్ల టేబుల్ ఒక్కటే, పోస్టుల టేబుళ్లు మాత్రం సైటుకొకటి. అప్‌డేట్ ఒక్కసారి నొక్కితే 34కు అయితది. ఇద్దరు మనుషులకు అంతకన్నా దారి లేదు.

గని మొదటి వారం వచ్చే ఫోన్లు ఇప్పుడే రాసిపెట్టుకో. "ఫైల్ ఎక్కుతలేదు" అంటరు. మల్టీసైట్ నెట్‌వర్క్ సెట్టింగుల్ల అప్‌లోడ్ పరిమితి మొదట 1500 కేబీ ఉంటది. అది పెంచుతవు, మల్ల పీహెచ్‌పీల 2 ఎంబీ కాడ ఆగుతది. అది పెంచితే పోస్ట్ మ్యాక్స్ సైజు 8 ఎంబీ. ముందట ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) ఉంటే దాని సొంత లెక్క 1 ఎంబీ. తెరమీద 413 పడ్డదంటే ఎన్‌జిన్‌ఎక్స్ ఆపినట్టు. నాలుగూ ఒకేపారి మార్చు, లేకుంటే నాలుగు రోజులు నాలుగు ఫోన్లు.

తర్వాత "గూగుల్ మ్యాప్ పెడితే మాయమైతున్నది" అంటరు. మల్టీసైట్ల సైట్ అడ్మిన్‌కు గూడ ఐఫ్రేమ్ (వేరే సైటు ముక్కను పేజీల చూపే కోడ్) పెట్టే హక్కుండదు, సూపర్ అడ్మిన్‌కే ఉంటది, సేవ్ చేయంగనే కోడ్ తీసేస్తది. హక్కు ఇచ్చేయకు. మ్యాపుకు ఒక చిన్న షార్ట్‌కోడ్ మీరే రాసియ్యిండ్రి. యూట్యూబ్‌కైతే ఆ లింకు ఒక్కటే వేరే లైన్ల పేస్ట్ చేస్తే చాలు, వీడియో అదే వస్తది. ఇగ "ప్లగిన్ల మెనూ కనబడ్తలేదు" అని ఎవడన్న అంటే, కనబడొద్దనే పెట్టినమని చెప్పు.

సాగర్_ఎడమకాల్వ
34 గుడ్లూ ఒక్క గంపల పెడ్తున్నవ్ అన్నా.

దేవరకొండ_దుర్గం
సాగర్ అన్నమాటే నాదీ. మల్టీసైట్‌లో ఒక ప్లగిన్‌కు కన్నం పడితే 34 సైట్లూ తెరిచినట్టే, యూజర్ల పట్టిక ఒక్కటే కాబట్టి. దవాఖాన సైటులో అపాయింట్‌మెంట్ ఫారం ఉందనుకుందాం. రోగి పేరు, ఫోన్, జబ్బు వివరం పోయి బడి సైటు పోస్టులున్న డేటాబేస్‌లోనే పడతాయి. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక అది సమర్థించుకోలేని పని. దవాఖానను ఏ దారి పట్టినా బయట పెట్టండి. వేరే సర్వర్, వేరే డేటాబేస్.

ఇంకోటి, ఒక్క సైటును మాత్రమే నిన్నటి స్థితికి తేవాలంటే మల్టీసైట్‌లో కష్టం. మొత్తం డంప్ నుంచి ఆ సైటు నంబరున్న టేబుళ్లు ఏరాలి, అప్‌లోడ్స్‌లో సైట్స్ కింద అదే నంబరు ఫోల్డర్ తీయాలి. ఒక్కసారైనా చేసి చూడకుండా బ్యాకప్ ఉందని అనుకోవద్దు.

నా ఓటు డ్రూపల్‌కు, రెండు కారణాలకు. మొదటిది భాషలు. వర్డ్‌ప్రెస్ కోర్‌లో ఒక పేజీకి తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ జతలు కట్టే ఏర్పాటు లేదు, పాలీల్యాంగ్ లేదా డబ్ల్యూపీఎంఎల్ ప్లగిన్ పెట్టుకోవాలి. డ్రూపల్ 8 నుంచి అది కోర్‌లోనే నాలుగు మాడ్యూళ్లుగా ఉంది. ఉర్దూ ఎంచుకోగానే పేజీ కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. రెండోది ఆమోదం. ప్రచురించిన ఫీజుల పేజీని క్లర్కు మారిస్తే డ్రూపల్ కంటెంట్ మోడరేషన్‌లో అది డ్రాఫ్టుగా ఆగుతుంది. ప్రిన్సిపాల్ ఒప్పుకునే దాకా పాత పేజీయే జనానికి కనబడుతుంది. వర్డ్‌ప్రెస్ కోర్‌లో కొత్త పోస్టుకు "రివ్యూకు పెండింగ్" ఉంది గానీ, బయట ఉన్న పేజీలో దిద్దుబాటును అట్లా ఆపే వీలు లేదు.

పిల్లలమర్రి_నీడ
రెండో మాట నిజమే, ఒప్పుకుంటున్న. దానికి ప్లగిన్ పెట్టుకోవాలె. రోల్స్ గురించి గూడ ఒకటి: క్లర్కుకు "కంట్రిబ్యూటర్" ఇస్తే సరిపోతది అనుకుంటరు. దానికి ఫైల్ అప్‌లోడ్ హక్కే లేదు! నోటిఫికేషన్ పీడీఎఫ్ ఎట్ల పెడ్తడు? కొత్త రోల్ చెయ్యాలె, అప్‌లోడ్ ఉండాలె, పబ్లిష్ ఉండొద్దు. నాలుగు లైన్ల కోడ్.

పానగల్లు_చెరువు
డ్రూపల్ సరే దుర్గం అన్నా, అది చూసుకునే మనిషేడి? నల్లగొండల వర్డ్‌ప్రెస్ పిలగాండ్లు వీధికొకడు దొరుకుతడు. డ్రూపల్ మనిషి కోసం హైదరాబాద్ బస్సెక్కాలె. పైగా 2 సైట్లు డ్రూపల్ 7 మీద ఉన్నయంటున్నడు. దానికి 2025 జనవరి 5తో సెక్యూరిటీ మద్దతు ఆగిపోయింది. 7 నుంచి 10కి అప్‌డేట్ బటన్ లేదు, కొత్తది కట్టి పాత డేటా మైగ్రేట్ చేసుడే. థీమ్ మల్ల రాసుడే.

దేవరకొండ_దుర్గం
7 నుంచి దాటడం కష్టమే, కాదనను. కానీ 8 తర్వాత ఆ బాధ లేదు. 9 నుంచి 10, 10 నుంచి 11 కంపోజర్ అనే పనిముట్టుతో మామూలు అప్‌డేట్. సెట్టింగులన్నీ యామల్ అనే టెక్స్ట్ ఫైళ్లుగా ఎగుమతి అవుతాయి, గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే దాంట్లో) పెట్టుకుంటే ఎవరు ఏం మార్చారో కనబడుతుంది. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగులు డేటాబేస్‌లో కలిసిపోయి ఉంటాయి, టెస్ట్ సర్వర్‌లో చేసినదాన్ని అసలు సర్వర్‌లో మళ్లీ చేత్తో చేయాలి.

జూరాల_గేటు
కంపోజర్ అన్నవు గని షేర్డ్ హోస్టింగ్ల మెమరీ సరిపోక మధ్యల చచ్చిపోతది, అది గూడ చెప్పు. కంపోజర్ మీ మిషన్ల నడిపి, తయారైన ఫోల్డర్ సర్వర్‌కు పంపాలె.

అసలు సంగతి వేరే ఉంది. 2014 అక్టోబర్ 15 నాడు డ్రూపల్ 7ల ఎస్క్యూఎల్ ఇంజెక్షన్ (బయటోడు డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే కన్నం) బయటపడ్డది. ప్రకటన మన టైముకు రాత్రి 9:30కు. 7 గంటల్ల ప్యాచ్ వెయ్యని సైటు హ్యాక్ అయినట్టే లెక్కపెట్టుకోమని తర్వాత డ్రూపల్ సెక్యూరిటీ టీమే చెప్పింది. అంటే తెల్లారి 4:30 లోపల. మీ ఇద్దర్ల ఆ రాత్రి లేచేది ఎవలు? ఆ మనిషి పేరు కాయితం మీద రాసినంకనే సీఎంఎస్ పేరు రాయిండ్రి.

బత్తాయి_తోట
ఇద్దరం లేవం. ఒకరిది డిండి కాడ ఊరు, సిగ్నల్ రాదు.

మిర్యాల_మిల్లు
🤣 అయితే ఆటోమేటిక్ అప్‌డేటే. వర్డ్‌ప్రెస్ చిన్న సెక్యూరిటీ రిలీజులు 3.7 నుంచి తానే వేసుకుంటది. ప్లగిన్లకు గూడ ఆటో పెట్టుకోవచ్చు. ఇద్దరు మనుషులకు ఆ ఒక్క సౌలతు చాలు, మిగతా లెక్కలు తర్వాత.

దేవరకొండ_దుర్గం
ఆ పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. డ్రూపల్ కోర్ తానే అట్లా వేసుకోదు.

తెలుగు_వత్తు
అందరూ సీఎంఎస్ దగ్గరే ఆగారు. తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు.

డీటీపీ వాళ్ల దగ్గర నుంచి వచ్చే తెలుగు చాలావరకు అను ఫాంట్లలో ఉంటుంది. అది యూనికోడ్ కాదు. ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల కిచిడీ వస్తుంది. ఫాంట్ మారిస్తే బాగుపడదు, కన్వర్టర్‌లో వేసి తీయాలి. తీశాక వత్తులు, రావత్తు చోట్లు, అరసున్నలు, అంకెలు కంటితో చూడాలి. ఈ పని ఎవరు చేస్తారో రాసుకోకపోతే, క్లర్కు స్కాన్ చేసిన బొమ్మ పెట్టి చేతులు దులుపుకుంటాడు. అప్పుడు గూగుల్‌కూ దొరకదు, చూపులేని వాళ్ల స్క్రీన్ రీడరూ చదవదు.

లింకుల సంగతి. తెలుగు శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ తెలుగులోనే స్లగ్ (లింకు చివర వచ్చే పేరు) చేస్తుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్ 200 అక్షరాలు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, లింకులో పర్సెంట్ గుర్తులతో 9 అక్షరాలు. 200ను 9తో భాగించండి, 22. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్క, కాబట్టి మూడు నాలుగు మాటలకే లింకు తెగుతుంది. "డిగ్రీ మొదటి సెమిస్టర్ పరీక్షల" అని మొదలయ్యే నోటీసులన్నీ ఒకే లింకై, చివర 2, 3, 4 అంకెలు తగులుకుంటాయి. వాట్సాప్‌లో పంపితే ఆ పర్సెంట్ల బారు చూసి జనం మోసపు లింకు అనుకుంటారు. స్లగ్ ఇంగ్లీషులోనే రాయాలని నియమం పెట్టండి.

వెతుకులాట ఇంకా చిక్కు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు కొన్ని కీబోర్డులు ట పొల్లు తర్వాత కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) పెడతాయి, కొన్ని పెట్టవు. వర్డ్‌ప్రెస్ వెతుకులాట అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు పోలుస్తుంది కాబట్టి అది ఉన్న మాట లేని మాటకు దొరకదు. సేవ్ చేసేటప్పుడే తీసేస్తే "వే" కాస్తా వత్తుగా మారి మాట చెడుతుంది. మూలం ముట్టుకోకుండా ఇండెక్స్‌లోనూ, వెతికే మాటలోనూ తీసెయ్యాలి. సోలర్ (Solr) లాంటి విడి వెతుకులాట ఇంజిన్ పెట్టుకుంటే ఇది చిన్న ఫిల్టర్ పని. డ్రూపల్‌లో సెర్చ్ ఏపీఐతో అది తేలికగా కలుస్తుంది.

పిల్లలమర్రి_నీడ
22 లెక్క నాకు తెల్వదు అన్నా. 2, 3, 4 ఎందుకొస్తున్నయో ఇప్పుడు అర్థమైంది.

గద్వాల_అంచు
డిజైన్ చేసేటోళ్లకు ఒక మాట. ఇంగ్లీషు థీముల్ల లైన్ ఎత్తు 1.2, 1.3 ఉంటది, తెలుగుల కింది వత్తు, పై గుడి తాకుతయి. 1.7 పెట్టు. లెటర్ స్పేసింగ్ సున్నా. హెడ్డింగుకు మల్లన్న, రామభద్ర, లోపల నోటో సాన్స్ తెలుగు సరిపోతది. ఫాంట్ ఫైల్ మీ సర్వర్లనే పెట్టుకోండ్రి. ఉర్దూకు నోటో నస్తాలీక్ పెడితే లైన్ ఎత్తు 2 దాటుతది, మెనూ డబ్బాల ఎత్తు ఫిక్స్ చేసి ఉంటే అక్షరాలు తెగుతయి.

బత్తాయి_తోట
హెడ్‌లెస్ గురించి ఎవరూ చెప్తలేరు. ఆయన మళ్ల ఫోన్ చేసిండు.

పానగల్లు_చెరువు
రాసేది ఒక సాఫ్ట్‌వేర్, చూపేది ఇంకో సాఫ్ట్‌వేర్. ఒకటి ఆగితే రెండో దాన్ని అనుమానించాలె. క్లర్కు "ప్రివ్యూ ఏది" అంటడు, దానికి వేరే ప్రోగ్రాం రాయాలె. మొబైల్ యాప్, కియోస్కులు, నాలుగైదు తెరలకు ఒకే సమాచారం పోవాల్నంటే దానికి అర్థముంది. మీకు యాప్ ఉందా? లేకుంటే వద్దు. రేపు కావాలన్నా సమాచారం బయటికిచ్చే దారులు, వర్డ్‌ప్రెస్ల 4.7 నుంచి రెస్ట్ ఏపీఐ, డ్రూపల్ల 8.7 నుంచి జేసన్ ఏపీఐ కోర్లనే ఉన్నయి.

సాగర్_ఎడమకాల్వ
7 చేత్తో రాసిన సైట్లు ఏముంటయి? 5 పేజీలు, ఒక ఫోటో గ్యాలరీ, హెడ్‌మాస్టర్ సందేశం. వాటికి సీఎంఎస్ ఎందుకసలు. హ్యూగో అనే పనిముట్టుతో స్టాటిక్ పేజీలు (ముందే తయారుచేసిన ఉత్త ఫైళ్లు) చేసి పడేయ్. డేటాబేస్ లేదు, హ్యాక్ అయ్యేది లేదు.

పిల్లలమర్రి_నీడ
హెడ్‌మాస్టర్ బదిలీ అయితే? మార్క్‌డౌన్ ఫైల్ మార్చి గిట్ల పెట్టుమని బడి క్లర్కుకు చెప్తవా? ఆ ఫోన్ గూడ బత్తాయికే వస్తది.

సాగర్_ఎడమకాల్వ
సరే ఆ మాట వెనక్కి తీసుకుంటున్న. ట్రస్టు సైటుల బడికొక పేజీ ఇయ్యి. 34ను 27 చెయ్. వేరే సైటు ఉండాల్సిన పనే లేదు.

దేవరకొండ_దుర్గం
ఇది ఈ దారంలో వచ్చిన మంచి సలహా. సీఎంఎస్ ఎంచుకునే ముందు సైట్లు తగ్గించాలి. ప్రతి సైటునూ క్రాల్ చేసి లింకులన్నీ ఒక షీట్‌లోకి తెండి. పక్కన నాలుగు కాలమ్‌లు: చివరగా మారిన తేదీ, ఏడాదిలో చూసినవాళ్లు, బాధ్యత ఉన్న మనిషి, ఉంచాలా తీసెయ్యాలా. బాధ్యుడు దొరకని పేజీని కొత్త దాంట్లోకి తేవద్దు. పాత లింకుకు 301 దారి మళ్లింపు. అన్నిటినీ హోం పేజీకి మళ్లించొద్దు, గూగుల్ దాన్ని పేజీ లేనట్టే లెక్క కడుతుంది. పాత సిలబస్ పీడీఎఫ్‌లు వేరే వాళ్ల సైట్ల నుంచి లింకై ఉంటాయి, వాటి చిరునామా మార్చకుండా అట్లాగే ఉంచండి.

జూరాల_గేటు
19 వర్డ్‌ప్రెస్ తరలిచ్చేటప్పుడు రెండు గుంతలున్నయి. డొమైన్ పేరు మార్చనీకి డంప్ ఫైల్ నోట్‌ప్యాడ్ల తెరిచి రీప్లేస్ కొట్టకు. సెట్టింగులు సీరియలైజ్ అయి ఉంటయి, ప్రతి మాట పక్కన దాని పొడుగు అంకె ఉంటది. పేరు పొడుగు మారి అంకె మారకపోతే విడ్జెట్లు, థీమ్ ఆప్షన్లు ఖాళీ అయితయి. డబ్ల్యూపీ-సీఎల్ఐల (వర్డ్‌ప్రెస్‌కు కమాండ్లిచ్చే పనిముట్టు) సెర్చ్-రీప్లేస్ ఆ అంకె గూడ దిద్దుతది, ముందు డ్రై-రన్ (ఏం మారకుండ ఉత్త పరీక్ష) పెట్టి చూడు.

ఇంకోటి పేజ్ బిల్డర్లు (మౌస్‌తో లాగి పేజీ కట్టేటివి). దివి తీసేస్తే పేజీ నిండ స్క్వేర్ బ్రాకెట్ల చెత్త మిగులుతది. ఎలిమెంటర్ తన లేఅవుట్ పోస్ట్‌మెటాల జేసన్‌గ దాచుకుంటది, వేరే దాంట్లకు అది రాదు. ఏ సైటుల ఏ బిల్డర్ ఉందో లెక్క తీయకుండ రోజుల అంచనా చెప్పకు. ఉచితంగ దొరికిన "నల్డ్" (లైసెన్స్ తీసేసిన దొంగ కాపీ) థీమ్ ఎక్కడన్న ఉంటే ఆ సైటు ఫైళ్లు ఒక్కటి గూడ తేవద్దు, పోస్టులు, బొమ్మలు మాత్రం తియ్యి. పేకాట లింకులు ఆ దారినే వస్తయి.

మిర్యాల_మిల్లు
ఫలితాల రోజు సంగతి? కాలేజీ సైట్లంటే అదొక్క రోజే పరీక్ష.

జూరాల_గేటు
ఫలితాలు సీఎంఎస్ల పెట్టొద్దు. గంతే.

సరే లెక్క చెప్త. సర్వర్ల పీహెచ్‌పీకి 4 జీబీ మిగిలింది, ఒక్కో ప్రాసెస్ 80 ఎంబీ తింటది అనుకో, 50 మంది ఒకేపారి. 51వ మనిషి లైన్ల నిలబడ్తడు, కాసేపటికి 504 (టైముకు జవాబు రాలేదన్న తప్పు). మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేపారి నడిచే ప్రాసెస్‌ల పరిమితి) 200 పెడితే బాగుపడదు, మెమరీ నిండి డేటాబేస్ పడిపోతది. పేజీ క్యాష్ (ముందే తయారైన కాపీ) పెడితే మామూలు పేజీలు పీహెచ్‌పీ దాకా రావు. గని హాల్ టికెట్ నంబర్ కొట్టి వెతికేది క్యాష్ కాదు, ఒక్కొక్కరిది వేరే జవాబు. అందుకే నంబరుకొక చిన్న ఫైల్ ముందే తయారుచేసి వేరే సబ్‌డొమైన్ల స్టాటిక్‌గ పెట్టు. నంబర్లు వరుసగ ఉంటయి కాబట్టి ఫైల్ పేరుకు పుట్టిన తేదీ కలిపి హ్యాష్ చెయ్, లేకుంటే ఒకని మార్కులు ఇంకొకడు చూస్తడు.

అన్నట్టు వర్డ్‌ప్రెస్ క్రాన్ (టైముకు పనులు నడిపేది) ఎవరన్న పేజీ తెరిస్తేనే నడుస్తది. పొద్దున 10కి షెడ్యూల్ చేసిన నోటీసు క్యాష్ ఉన్న సైటుల 11కు గూడ రాదు. దాన్ని ఆపి సర్వర్ క్రాన్ 5 నిమిషాలకొకపారి పెట్టు. మల్టీసైట్ల ప్రతి సైటుకు విడిగ పిలవాలె, మెయిన్ సైటుకు ఒక్కదానికి పెడితే మిగిలినయి నిద్రపోతయి.

బత్తాయి_తోట
దుర్గం అన్నా, ఇంత విన్నంక మల్టీసైట్ దిక్కు మొగ్గుతున్న. దవాఖాన బయట. బడులు ట్రస్టు సైటులకే. మీరు కోప్పడ్తరా?

దేవరకొండ_దుర్గం
ఎందుకు కోపం. ఇద్దరు మనుషులు, రాత్రి లేచేవాళ్లు లేరు, 19 ఇప్పటికే అదే. నేనైనా అదే చెప్పాల్సి వస్తుంది. ఉర్దూ ఉన్న మూడు సైట్లకు మాత్రం భాష ప్లగిన్ కొనకముందే పరీక్ష చేయండి.

పరీక్ష అంటే వెండర్ డెమో కాదు. మీ దగ్గరున్న అన్నిటికన్నా పాడు పేజీ తీయండి, గళ్లు కలిపేసిన వర్డ్ ఫీజుల పట్టిక, 40 వరుసల పరీక్షల టైంటేబుల్, ఒక ఉర్దూ నోటీసు, ఒక 6 ఎంబీ పీడీఎఫ్. వనపర్తి, సూర్యాపేటల నుంచి ఇద్దరు క్లర్కులను కూర్చోబెట్టి అరగంట ఇవ్వండి. పక్కన నిలబడి చూడండి, నోరు మెదపొద్దు. ఎక్కడ ఆగారో రాసుకోండి. తర్వాత మౌస్ తీసేసి కీబోర్డ్ ఒక్కదానితో ఆ పేజీ మొత్తం తిరగండి. ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ (సర్కారు సైట్ల మార్గదర్శకాలు) అడిగేది డబ్ల్యూసీఏజీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా చేసే ప్రమాణం) 2.1 ఏఏ స్థాయి. ప్రైవేటు ట్రస్టయినా దవాఖాన, కాలేజీ నడిపేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తెలుగు_వత్తు
పాత డేటాబేస్‌ల క్యారెక్టర్ సెట్ కూడా చూడండి. యూటీఎఫ్8 అని ఉన్న మైఎస్క్యూఎల్ టేబుల్ 3 బైట్ల దాకే, తెలుగు పడుతుంది, మిర్యాల_మిల్లు పెట్టిన నవ్వు బొమ్మ పట్టదు. యూటీఎఫ్8ఎంబీ4కు (4 బైట్ల దాకా పట్టేది) మార్చుకోండి. ల్యాటిన్1 అని రాసి లోపల తెలుగు ఉన్న టేబుల్ కనబడితే నేరుగా కన్వర్ట్ కొట్టొద్దు. ముందు ఆ కాలమ్‌ను బ్లాబ్ (ఉత్త బైట్లు దాచే రకం) చేసి, అక్కడి నుంచి ఎంబీ4కు తేవాలి. నేరుగా కొడితే రెండుసార్లు ఎన్‌కోడ్ అయి ప్రతి తెలుగు అక్షరం మూడు వింత గుర్తులవుతుంది.

మిర్యాల_మిల్లు
నా నవ్వు మీద పడ్డవేంది అన్నా

పానగల్లు_చెరువు
బత్తాయి, అన్నీ అడిగినవ్ గని డొమైన్లు ఎవరి పేర ఉన్నయో చూసినవా? ఏసీ డాట్ ఇన్ పేర్లు ఎర్‌నెట్ (విద్యాసంస్థల డొమైన్లిచ్చే సంస్థ) కాడ ఉంటయి, వాటికి కాంటాక్ట్ మెయిల్ ఎవరిదో చూడు. డాట్ కామ్, డాట్ ఆర్గ్‌లైతే రిజిస్ట్రార్ లాగిన్ ఎవరి చేతులుందో చూడు.

బత్తాయి_తోట
ఇప్పుడే చూసిన. 34ల 11 పాత వెండర్ల మెయిల్ మీద ఉన్నయి. రెండిటికి వచ్చే నెల గడువు.

పానగల్లు_చెరువు
సీఎంఎస్ పక్కకు పెట్టు. సోమవారం పొద్దున్నే ఆ రెండు.